నలభై ఆరు అనే లెక్క: క్రోమోజోముల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో గాయం మానే తీరు గురించి రాస్తూ, మనిషి శరీర కణం ఒక్కొక్కదానిలో 46 క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, ఉంటాయనీ, కణం రెండుగా చీలే ముందు వాటన్నిటికీ నకళ్లు తయారవుతాయనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్ని చదువుకునే పిల్లల సందేహాలు, మరికొన్ని ఇళ్లలో కన్నీళ్లు పెట్టిస్తున్న ప్రశ్నలు. రెండింటికీ మూలం ఆ లెక్కే కనుక ఈసారి అన్నిటికీ కలిపి జవాబులు రాస్తున్నాను. రాసిన వారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారు చదువుకున్న 1954 నాటి జీవశాస్త్రం పుస్తకంలో మనిషికి 48 క్రోమోజోములు అని ఉంది. నా ఇంటర్మీడియట్ పుస్తకంలో 46 అని ఉంది. ఇంతలోనే మనిషిలో రెండు తగ్గిపోవు కదా. ఎవరు పొరబడ్డారు? (విద్యార్థిని, కాకినాడ)

జవాబు: మీ తాతగారి పుస్తకంలో అచ్చుతప్పు పడలేదు. అది వెలువడిన నాటికి ఏ దేశపు పాఠ్యపుస్తకం తెరిచినా 48 అనే ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా ఆ అంకెను ఎవరూ కదిలించలేదు.

ఆ లెక్క కట్టినవారు అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన థియోఫిలస్ పెయింటర్. ఆయన పనితనానికి వంక పెట్టడానికి లేదు, ఆనాటి సాధనాలే ఆ పనికి చాలలేదు. అప్పట్లో కణజాలాన్ని మైనంలో బిగించి, పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూసేవారు. కోసేటప్పుడు కత్తి ఒక్కోసారి క్రోమోజోమునే రెండు ముక్కలు చేసేది, మిగిలినవి ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయేవి. ఉడికి ముద్దయిన సేమియాలో పోగులు లెక్కపెట్టమంటే ఎంత కష్టమో ఆ పని అంత కష్టం. అయినా 1921లో వెలువరించిన తొలి వ్యాసంలో, అన్నిటికన్నా స్పష్టంగా కనిపించిన కణాల్లో తాను 46 మాత్రమే లెక్కించగలిగానని పెయింటర్ రాశారు. తర్వాత మరిన్ని కణాలు చూసి, 1923 నాటికి 48 దగ్గర స్థిరపడ్డారు. సరైన అంకె ఆయన కలం నుంచే ఒకసారి వెలువడి, మళ్లీ వెనక్కు పోయిందన్నమాట.

ఆ ముద్ద విడివడటానికి రెండు ఉపాయాలు కావలసి వచ్చాయి. మొదటిది అనుకోకుండా దొరికింది. 1952లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ ప్రయోగశాలలో టి.సి. హ్సు అనే శాస్త్రవేత్త కణాలను చూస్తుండగా, ఒక గాజుఫలకం మీద క్రోమోజోములు ఎన్నడూ లేనంత విడివిడిగా కనిపించాయి. కారణం వెతకగా, కణాలను కడిగిన ద్రావణంలో ఎవరో ఉప్పు తక్కువ కలిపారని తేలింది. ఉప్పు తగ్గిన నీటిలో కణం ఆ నీటిని పీల్చుకుని, రాత్రి నానవేసిన శనగగింజలా ఉబ్బుతుంది. లోపలి క్రోమోజోములు దూరదూరంగా జరుగుతాయి. ఇంతటి స్పష్టత చేతికి చిక్కిన తర్వాత కూడా హ్సు తన వ్యాసంలో 48 అనే రాశారు. పుస్తకంలో చదివిన అంకె ఎదుట ఉన్న దృశ్యాన్ని ఎలా కప్పేస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. నా తరగతుల్లో ఏటా ఈ కథ చెప్పేవాణ్ణి.

రెండవ ఉపాయం కాల్చిసిన్ అనే మందు. విభజన సమయంలో క్రోమోజోములను చెరొక వైపుకు లాగే సన్నని కండె తంతువులను ఇది ఏర్పడనివ్వదు. దానితో కణం సరిగ్గా చీలబోయే ముందు, క్రోమోజోములు పొట్టిగా, దళసరిగా ఉన్న దశలోనే ఆగిపోతుంది. ఇదే కాల్చిసిన్ మన కంచెల మీద, అడవుల అంచున వానకాలంలో ఎరుపూ పసుపూ కలిసిన నిప్పునాలుకల్లాంటి పూలు పూసే అడవినాభి దుంపలోనూ ఉంటుంది. ఆ దుంప ప్రాణాంతకమైన విషం కావడానికి ఈ పదార్థమే ముఖ్యకారణం. కాబట్టి దాన్ని చూసి ఊరుకోవాలే గాని పరీక్షకని తెచ్చి ముట్టుకోవద్దు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఆల్బర్ట్ లెవాన్ అనే శాస్త్రవేత్త 1938 నాటికే ఉల్లి వేళ్ల మీద కాల్చిసిన్ పనితీరును పరిశీలించి ఉన్నారు.

జావాలో పుట్టి, మొక్కల క్రోమోజోముల మీద పనిచేస్తూ వచ్చిన జో హిన్ చియో లెవాన్ ప్రయోగశాలలోనే ఈ రెండు ఉపాయాలనూ కలిపి, మానవ పిండపు ఊపిరితిత్తుల నుంచి పెంచిన కణాలను పరిశీలించారు. 1955 డిసెంబరు 22న, అర్ధరాత్రి దాటిన తర్వాత, ఆయన లెక్కకు 46 వచ్చింది. మరొక కణం చూశారు, అప్పుడూ 46. ఎన్ని చూసినా అంతే. 1956లో చియో, లెవాన్ దాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫోర్డ్, హామర్టన్ అనే ఇద్దరు వృషణ కణాల్లో 23 జంటలను చూసి ఆ లెక్కను ధ్రువపరిచారు.

చియో, లెవాన్ వ్యాసంలో మరొక సంగతి ఉంది. వారికన్నా ముందే స్వీడన్‌లో ఈవా హాన్సెన్-మెలాండర్, ఆమె సహచరులు మానవ పిండపు కాలేయ కణాలను పరిశీలించి, 48 ఎంతకీ దొరకక, ప్రతిసారీ 46 మాత్రమే కనిపిస్తూ ఉండటంతో, తమ పద్ధతిలోనే లోపం ఉందనుకుని ఆ పనిని ఆపివేశారు. సరైన లెక్క చేతిలో ఉండి కూడా దాన్ని నమ్మలేకపోయిన వారిని తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. మీ ప్రయోగశాలలో ఉల్లి వేరు కణాలు చూసేటప్పుడు, పుస్తకం మూసిపెట్టి లెక్కించండి. ఎంత వచ్చిందో రాసుకున్న తర్వాతే పుస్తకం తెరవండి. ఉల్లికి ఎన్నో నేను ఇక్కడ చెప్పడం లేదు.

ప్రశ్న: శరీరంలోని ప్రతి కణంలోనూ 46 ఉంటాయా? రక్తకణాల్లో ఉండవని ఒకరు, ఉంటాయని మరొకరు చెబుతున్నారు. (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థి, కరీంనగర్)

జవాబు: ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో తయారవుతున్నప్పుడు దానిలో కేంద్రకం ఉంటుంది, కేంద్రకంలో 46 క్రోమోజోములూ ఉంటాయి. రక్తంలోకి రాబోయే ముందు ఆ కణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోటంతా ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌తో నిండుతుంది. క్రోమోజోములు లేవు కనుక అది ఇక విభజన చెందలేదు, పాడైన భాగాలను కొత్తగా తయారు చేసుకోలేదు. సుమారు 120 రోజులు పనిచేసి నశిస్తుంది. క్షీరదాల సంగతి ఇది. కోడి రక్తపు చుక్కను ఫలకం మీద పరిచి రంగు వేసి చూస్తే, ఎర్రకణాల్లో సైతం కేంద్రకం నల్లని గింజలా స్పష్టంగా కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలో కూడా కేంద్రకం ఉండదు. తెల్లకణాల్లో మాత్రం నిక్షేపంగా ఉంటుంది. నేరస్థలంలో దొరికిన రక్తపు మరక నుంచి డీఎన్‌ఏ తీశారని వార్తల్లో చదివినప్పుడు, అది ఆ తెల్లకణాల చలవేనని గుర్తుపెట్టుకోండి.

అండంలో, శుక్రకణంలో 23 చొప్పున ఉంటాయి. అవి కలిసినప్పుడే మళ్లీ 46 అవుతాయి. కాలేయంలో కొన్ని కణాలకు 92, కొన్నిటికి అంతకు రెట్టింపు ఉండటం రోగలక్షణం కాదు, అది ఆ అవయవపు సహజ స్థితి. కండరాల్లోనైతే ఒక్కొక్క పొడవైన కణంలో వందల కేంద్రకాలు వరుసగా ఉంటాయి, ప్రతి కేంద్రకంలోనూ 46 ఉంటాయి. కాబట్టి 'శరీర కణంలో 46' అన్న మాట ఎక్కువ కణాలకు వర్తించే నియమం.

ఇదే సందర్భంలో మరొక అపోహ. పుస్తకాల్లో క్రోమోజోమును ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఆకారంలో గీస్తారు. అది నకలు తయారయిన తర్వాత, రెండు ప్రతులు నడుమ దగ్గర అతుక్కుని ఉన్నప్పటి రూపం. విభజన సమయంలో కాసేపే అలా కనిపిస్తుంది. మిగిలిన కాలమంతా క్రోమోజోములు సన్నని పోగులుగా కేంద్రకమంతటా పరచుకుని ఉంటాయి. ఒక కణంలోని ఆ పోగులన్నిటినీ చివరకు చివర జోడిస్తే దాదాపు రెండు మీటర్ల పొడవుంటాయి. కేంద్రకం వెడల్పు చూస్తే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఆరో, పదో. అంత పొడవు అందులో ఇమడటానికి డీఎన్‌ఏ పోగు హిస్టోన్లు అనే ప్రోటీను ఉండల చుట్టూ, ఒక్కొక్క ఉండకు రెండు చుట్లకు కాస్త తక్కువగా, కండెకు నూలు చుట్టినట్లు చుట్టుకుంటుంది. చుట్టుకున్న ఉండలు మళ్లీ మడతలు పడతాయి. అయినా ఏ జన్యువుతో పని పడితే ఆ భాగం చిక్కు పడకుండా విచ్చుకుంటుంది. చేనేత ఇళ్లలో నూలు చిక్కు తీసేవారిని చూసినవారికి ఇది ఎంత నేర్పైన పనో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: క్రోమోజోములు ఎక్కువగా ఉన్న జీవికి తెలివి ఎక్కువ ఉంటుందా? (విశాఖపట్నం)

జవాబు: ఉండదు. వరికి 24, గోధుమకు 42, బంగాళాదుంపకు 48, మనం పెంచుకునే నాటు గేదెకు 50, ఆవుకు 60, కుక్కకూ కోడికీ 78. తూర్పు కనుమల అడవుల్లో కుక్క మొరిగినట్లు అరిచే చిన్నజింక ఒకటి ఉంది, బార్కింగ్ డీర్ అంటారు. క్షీరదాలన్నిటిలోకీ తక్కువ లెక్క దానిదే: ఆడదానికి 6, మగదానికి 7. చింపాంజీకి 48. మన రెండవ క్రోమోజోము, మన పూర్వజీవుల్లో విడివిడిగా ఉండిన రెండు క్రోమోజోములు కొసలు కలిసి అతుక్కోవడం వల్ల ఏర్పడింది. మామూలుగా క్రోమోజోముల కొసల్లో మాత్రమే ఉండే డీఎన్‌ఏ అక్షరాల వరుస దీనికి నడిమి భాగంలో ఎదురెదురుగా ఉన్నట్లు 1991లో కనుగొన్నారు, అతుకు వేసిన చోట కుట్టు కనబడినట్లు. సరుకు ఎన్ని మూటలుగా కట్టారన్నది ఆ లెక్క చెబుతుంది, సరుకేమిటో చెప్పదు.

ప్రశ్న: నాకు ముగ్గురూ ఆడపిల్లలే. ఆడపిల్లల్ని కనే ఒళ్లని మా అత్తగారు అందరి ముందూ అంటున్నారు. మగపిల్లవాడు పుట్టడానికి మందు ఇస్తారని ఒకచోటికి తీసుకువెళతామంటున్నారు. మా వారు ఏమీ మాట్లాడరు. సైన్సు ఏం చెబుతుందో మీరు రాస్తే వాళ్లకు చదివి వినిపిస్తాను. (ఒంగోలు)

జవాబు: చదివి వినిపించండమ్మా. అందుకు వీలుగానే రాస్తున్నాను.

మనిషికున్న 23 జంటల్లో ఒక జంట ఆడ, మగ తేడాను నిర్ణయిస్తుంది. స్త్రీలో ఆ జంటలో రెండూ ఎక్స్ క్రోమోజోములే. పురుషునిలో ఒకటి ఎక్స్, రెండవది దానికన్నా బాగా చిన్నదైన వై. తల్లి అండం ఏదైనా ఎక్స్‌నే మోస్తుంది, ఆమె దగ్గర ఇవ్వడానికి వేరొకటి లేదు. తండ్రి శుక్రకణాల్లో దాదాపు సగం ఎక్స్‌ను, సగం వైని మోస్తాయి. అండాన్ని చేరిన శుక్రకణంలో ఎక్స్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. తేడా తండ్రి వైపు నుంచి వస్తుంది. 1905లో అమెరికాలో నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త, పిండిలో పెరిగే పురుగుల శుక్రకణాల్లో సగం ఒక పెద్ద క్రోమోజోమునూ, సగం ఒక చిన్న క్రోమోజోమునూ మోస్తున్నాయనీ, చిన్నది అందినవే మగపురుగులు అవుతున్నాయనీ చూపించారు. మగతనానికి దారితీసే జన్యువును వై మీద 1990లో గుర్తించారు.

అయితే, మీ వారిని దోషిగా నిలబెట్టడానికి ఈ సమాధానాన్ని వాడమని నేను చెప్పను. ఏ శుక్రకణం ముందు చేరుతుందో ఆయన చేతుల్లోనూ లేదు. ప్రతి కాన్పూ కొత్తగా ఎగరేసిన నాణెం లాంటిది. మూడుసార్లు బొమ్మ పడినంత మాత్రాన నాలుగవసారి బొరుసు పడాలన్న నియమం లేదు. ఆయన మౌనంగా ఉండటం మాత్రం ఆయన చేతుల్లో ఉన్న విషయమే. మీ మాటగా కాకపోయినా, ఈ పత్రికలో ఉన్న మాటగానైనా ఆయన తన తల్లికి ఈ సంగతి చెప్పాలి.

ఇక మందు సంగతి. అండం, శుక్రకణం కలిసిన క్షణంలోనే ఆడా మగా తేలిపోతుంది. నెల తప్పిన తర్వాత తినిపించే ఏ పొడీ, ఏ లేహ్యమూ కణాల్లోని ఎక్స్‌ను వైగా మార్చలేవు. అందులో ఏమి కలిపారో తెలియని మందు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు, వెళ్లకండి. గర్భంలోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేసి చెప్పడం, చెప్పమని అడగడం 1994 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా వారికి చదివి వినిపించండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మా మేనమామనే చేసుకున్నాను. మా పాపకు ఎనిమిది నెలలు. డౌన్ సిండ్రోమ్ అని చెప్పి రిపోర్టు ఇచ్చారు. దాని మీద '47, ఎక్స్‌ఎక్స్, ప్లస్ 21' అని ఉంది. మేనరికం వల్లే ఇలా అయిందని మా వారి తరఫువాళ్లు, గ్రహణం నాడు నేను బయటికి వచ్చానని మా నాన్న తరఫువాళ్లు అంటున్నారు. ఈ వయసులో నాకెందుకిలా జరిగింది? మళ్లీ బిడ్డను కంటే ఏమవుతుంది? (తెనాలి)

జవాబు: అమ్మా, ముందు రిపోర్టు చదువుదాం. 47 అంటే పాప కణాల్లో ఉన్న మొత్తం క్రోమోజోములు. ఎక్స్‌ఎక్స్ అంటే ఆడపిల్ల. ప్లస్ 21 అంటే, రెండు ఉండవలసిన 21వ క్రోమోజోములు మూడు ఉన్నాయి. మీ పాపలో ఉన్న తేడా ఇంతే, ఆ ఒక్క పోగు అదనంగా ఉండటం. అది అన్నిటికన్నా చిన్న క్రోమోజోము. సైజును బట్టి పెద్దదానికి 1 అని మొదలుపెట్టి వరుసగా అంకెలు వేసినప్పుడు చివరి రెండింటి తేడా సరిగా తెలియక దీనికి 21 అని పడింది. కొలతలు తేలేసరికి ఈ పరిస్థితికి 21 అన్న అంకెతోనే పేరు స్థిరపడిపోవడంతో అలాగే ఉంచేశారు. డౌన్ సిండ్రోమ్‌కు కారణం ఈ అదనపు క్రోమోజోమేనని 1959లో పారిస్ నుంచి ప్రకటించారు. ఆ కణాలను పెంచి ఫలకాలు సిద్ధం చేసిన మార్త్ గోతియే అనే యువ వైద్యురాలి పేరు చాలాకాలం మరుగున పడి ఉండిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలు విభజన మొదలుపెట్టి, జంట క్రోమోజోములు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న దశలో ఆగిపోతాయి. మీ పాప ఏ అండం నుంచి వచ్చిందో ఆ అండం మీరు పుట్టకముందే, మీ అమ్మగారి కడుపులో మీరున్నప్పుడే తయారై, ఇరవై ఏళ్లకు పైగా ఆ జంటలను పట్టుకుని ఎదురుచూసింది. విడుదలయ్యే వేళకు జంటలు విడిపోయి చెరొక వైపుకు వెళ్లాలి. 21వ జంట విడిపోలేదు, రెండూ ఒకవైపుకే వెళ్లాయి. తండ్రి నుంచి వచ్చిన ఒకటితో కలిసి మూడయ్యాయి. ఎక్కువ సందర్భాల్లో ఈ పొరపాటు అండంలో, కొద్ది సందర్భాల్లో శుక్రకణంలో జరుగుతుంది. మీరు తిన్నదాని వల్ల, నడిచిన నడక వల్ల, చూసిన గ్రహణం వల్ల అది జరగలేదు. గ్రహణం వచ్చేనాటికే మీ పాప కణాల్లో లెక్క తేలిపోయి ఉంది.

వయసు సంగతి. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది: 20 ఏళ్ల తల్లికి సుమారు 1500 కాన్పుల్లో ఒకటి, 35 ఏళ్లకు సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లకు సుమారు వందలో ఒకటి. కాని బిడ్డలను ఎక్కువగా కనేది చిన్నవయసు తల్లులే కాబట్టి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామంది తల్లులు మీ ఈడువారే. 'ఈ వయసులో నాకెందుకు' అన్నదానికి ఇంతకు మించిన కారణం ఎవరూ చూపలేరు. కారణం చూపించబోయేవారి మాట నమ్మకండి.

మేనరికం గురించి స్పష్టంగా చెప్పాలి. మేనరికాలు వద్దని నేను ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చినవాణ్ణే. ప్రతి మనిషిలోనూ కొన్ని లోపమున్న జన్యువులు ఉంటాయి. జంటలో రెండవది బాగుంటే లోపం బయటపడదు. దగ్గరి బంధువులు ఒకే పెద్దల నుంచి ఒకే లోపాన్ని పొంది ఉంటే, ఆ రెండూ బిడ్డలో కలుసుకోవచ్చు. ఏ జన్యువును తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పెద్దల నుంచి దిగివచ్చినవై ఉండే అవకాశం మేనమామ, మేనకోడళ్ల బిడ్డకు ఎనిమిదింట ఒక వంతు, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే వారి బిడ్డకు పదహారింట ఒక వంతు. పుట్టు చెవుడు, తలసీమియా వంటివి మేనరికాల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. మీ పాపలో జరిగింది ఇది కాదు. జన్యువులో లోపం లేదు, క్రోమోజోముల పంపకంలో తేడా వచ్చింది. బొత్తిగా బంధుత్వం లేనివారిని చేసుకున్నా ఇలా జరగవచ్చు. మేనరికాన్ని తప్పుబట్టడానికి కారణాలు వెతకనక్కరలేదు, కాని ఈ నింద మాత్రం దాని మీదకు రాదు, మీ మీదకు అంతకన్నా రాదు.

మళ్లీ కాన్పు గురించి. రిపోర్టులో మీరు రాసినట్లు అదనపు 21 విడిగా ఉంటే, తర్వాతి బిడ్డకు ఇలా జరిగే అవకాశం మీ వయసులో సుమారు నూటికి ఒకటి. అంటే తొంభై తొమ్మిది వంతులు జరగదనే అర్థం. ఈ పరిస్థితి ఉన్న పిల్లల్లో నూటికి మూడు నాలుగు చొప్పున మాత్రం మరొక రకం ఉంది. వారిలో అదనపు 21 మరొక క్రోమోజోముకు, తరచు 14వ దానికి, అతుక్కుని ఉంటుంది. అప్పుడు తల్లిదండ్రులకూ పరీక్ష చేయాలి. వారిలో ఒకరికి ఆ అతుకు ఉండి, లెక్కకు 45 మాత్రమే వచ్చినా, సరుకంతా ఉంది కనుక వారు పూర్తి ఆరోగ్యంతో ఉంటారు. ఆ అతుకు తల్లిలో ఉంటే తర్వాతి బిడ్డకు అవకాశం నూటికి పది నుంచి పదిహేను దాకా పెరుగుతుంది, తండ్రిలో ఉంటే బాగా తక్కువ. పాప రిపోర్టును తీసుకుని ఒక్కసారి జన్యు సలహా ఇచ్చే వైద్యులను కలవండి. హైదరాబాదులో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో ఆ సలహా దొరుకుతుంది. తర్వాతి గర్భంలో ఏ వారంలో ఏ పరీక్ష చేయించుకోవాలో, అసలు చేయించుకోవాలో వద్దో, అన్నీ విన్న తర్వాత నిర్ణయించవలసింది మీరిద్దరే.

ఇవన్నీ తర్వాత. ఇప్పుడు పాపకు గుండె స్కానింగ్ చేయించారా? డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలో లోపం ఉంటుంది. చాలావాటిని సకాలంలో శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు ఏటా చేయించాలి. కండరాల్లో పట్టు తక్కువగా ఉంటుంది కనుక కూర్చోవడం, నడవడం, మాటలు ఆలస్యమవుతాయి. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. సంరక్షణ బాగున్న దేశాల్లో వీరి సగటు ఆయుర్దాయం ఇప్పుడు 60 ఏళ్ల దాకా వచ్చింది. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాంటి అమ్మాయి ఉంది. సాయంత్రం వాకిట్లో ఎవరు చెప్పులు విప్పినా, ఎవరివో చూడకుండానే, ఆ చప్పుడును బట్టి పేరు పెట్టి పిలుస్తుంది. మీ పాపకు ఏమి చేతకాదో చెప్పేవారు చాలామంది వస్తారు. ఏమి చేతనవుతోందో మీరు ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసుకుంటూ వెళ్లండి. వైద్యులకూ అది ఎంతో ఉపయోగపడుతుంది.

ప్రశ్న: షుగరు పరీక్ష గంటలో వస్తుంది. క్రోమోజోముల పరీక్షకు పది పదిహేను రోజులంటున్నారు. రక్తం అదే కదా, ఇంత ఆలస్యమెందుకు? (కర్నూలు)

జవాబు: షుగరు రక్తంలో కరిగి సిద్ధంగా ఉంటుంది, కొలిస్తే చాలు. క్రోమోజోములు విడివిడిగా కనిపించేది కణం విభజన చెందుతున్నప్పుడే. తీసిన రక్తంలోని తెల్లకణాలు సాధారణంగా విభజన చెందకుండా ఉంటాయి. అందుకని ఆ రక్తాన్ని పోషకద్రవంలో వేసి, రాజ్మా జాతి గింజల నుంచి తీసిన ఒక పదార్థాన్ని కలుపుతారు. అది తగలగానే లింఫోసైట్లు అనే తెల్లకణాలు విభజనకు సిద్ధమవుతాయి. 37 డిగ్రీల వేడిలో 72 గంటలు వాటిని పెంచాలి. కణాలు బతికి ఉండాలి కనుకనే రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టంలో తీస్తారు. దాన్ని గడ్డకట్టే చలిలో పెట్టకూడదు, ఎండలోనూ ఉంచకూడదు, వీలైతే మరునాటికే ల్యాబుకు చేర్చాలి. నమూనా పాడైందని మళ్లీ రక్తం అడిగితే విసుక్కోకండి.

తర్వాత కాల్చిసిన్ వంటి మందుతో విభజనను ఆపుతారు, ఉప్పు తక్కువైన ద్రావణంలో కణాలను ఉబ్బిస్తారు, పుల్లని వాసన వేసే ఆమ్లం, మిథనాల్ కలిపిన ద్రవంలో నిలవ చేస్తారు. ఆ ద్రవాన్ని చుక్కగా పై నుంచి చల్లని తడి గాజుఫలకం మీద వదిలినప్పుడు ఉబ్బిన కణాలు పరచుకుని లోపలి క్రోమోజోములు బయటపడతాయి. గాలిలో తేమ మరీ తగ్గినా పెరిగినా అవి సరిగా పరచుకోవు. మే నెల వడగాలుల్లో ఫలకం పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టుకుని ఈ పని చేసేవారిని చూశాను. ఆపై రంగు వేస్తే ఒక్కొక్క క్రోమోజోము మీద దాని సొంత చారలు తేలతాయి.

కంప్యూటర్లు రాకముందు ఫోటో తీసి, కడిగి, ఒక్కొక్క క్రోమోజోమునూ చిన్న కత్తెరతో కత్తిరించి, జతలు కూర్చి అట్ట మీద అంటించేవారు. ఆ సమయంలో గదిలో ఫ్యాను ఆపేసేవారు. ఒక్క ముక్క ఎగిరిపోయినా 45 అవుతుంది కదా. ఇప్పుడు తెర మీదే జతలు కూర్చుతున్నారు. కాని లెక్క ఇప్పటికీ మనిషి కళ్లతోనే సరిచూస్తారు. ఒక కణంలో ఒకటి తగ్గితే అది నిజంగా లేదో, ఫలకం మీద పక్కకు జారిపోయిందో ఆ ఒక్క కణాన్ని చూసి చెప్పలేరు. అందుకే సాధారణంగా ఇరవై కణాలను లెక్కించి, అనుమానం వస్తే మరిన్ని చూసి, అప్పుడు రిపోర్టు మీద అంకె వేస్తారు.